ఈజిప్టు రాజుల పట్టికలో అన్ని తేదీలూ ఒకటి కావు

ఏ చరిత్ర పుస్తకం తీసినా ప్రాచీన ఈజిప్టు ఒక్క పేజీలో ఇమిడిపోతుంది. పాత రాజ్యం క్రీ.పూ. 2686లో మొదలు. మధ్య రాజ్యం 2055లో. కొత్త రాజ్యం 1550లో. చివరి యుగం 664లో. 332లో అలెగ్జాండర్ రావడంతో పట్టిక పూర్తి. పక్కనే ఒకటి నుంచి ముప్పై వరకు రాజవంశాల నంబర్లు, ఒకదాని కింద ఒకటి. తేదీలన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే నమ్మకంతో అచ్చవుతాయి.

నా అభ్యంతరం ఆ నమ్మకం మీదే. వీటిలో 664 ఏడాది కూడా అటూ ఇటూ జరగని తేదీ. 1550ని ఇంకొకరు 1539 అంటారు. 2686 ఉండాల్సిన చోట మరో ప్రామాణిక పట్టిక 2592 వేస్తుంది. అంటే తొంభై ఏళ్లకు పైగా తేడా, మూడు నాలుగు తరాల కాలం. ఇంత తేడా ఉన్న అంకెల్ని ఒకే తీరుగా వేసి, చదివేవాళ్ల చేత బట్టీ పట్టించడం తప్పు. తేదీ ఎంత గట్టిదో, దేన్ని ఆధారం చేసుకుని చెప్పారో పక్కన రాయకపోతే ఆ పట్టిక సగం సంగతి దాచిపెట్టినట్టే.

మా అక్క కూతురు గ్రూప్స్‌కి చదువుతోంది. ఓ రోజు నోట్సు ముందేసుకుని, "మామయ్యా, క్రీస్తు పుడతాడని వాళ్లకి తెలీదు కదా. మరి 2686 అని ఎక్కడ రాసి ఉంది?" అని అడిగింది. ఎక్కడా రాసి లేదు. ఈజిప్టువాళ్లకు శకం అంటూ లేదు. కొత్త రాజు గద్దెనెక్కితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఫలానా రాజు 7వ ఏడు, వరద కాలం రెండో నెల, 12వ రోజు. ఇదీ వాళ్లు తేదీ వేసే పద్ధతి. మన పాత దస్తావేజులో శక సంవత్సరం చెరిగిపోయి "శుభకృత్ నామ సంవత్సర" అన్నంత వరకే మిగిలితే అది ఏ అరవయ్యేళ్ల చుట్టులోదో ఎలా తేలదో, ఇదీ అంతే. రాజుల వరస తెలియాలి. ఒక్కొక్కరు ఎన్నేళ్లు ఏలారో తెలియాలి. ఆ వరస ఎక్కడో ఒకచోట బయటి ప్రపంచపు తేదీతో ముడిపడాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా పైనున్న అంకెలన్నీ జరిగిపోతాయి.

ముడి గట్టిగా పడిన చోటు 664. అది పడింది ఒక ఎద్దు వల్ల.

మెంఫిస్ నగరంలో అపిస్ అనే పవిత్రమైన ఎద్దును దేవుడి రూపంగా కొలిచేవాళ్లు. ఆ ఎద్దు చనిపోతే రాజలాంఛనాలతో సక్కారా దగ్గర నేలమాళిగల్లో సమాధి చేసి, అది ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు పోయిందో రాతిపలక మీద చెక్కేవాళ్లు. 1851లో ఒగుస్త్ మారియెట్ అనే ఫ్రెంచి పరిశోధకుడు ఆ నేలమాళిగల్ని తవ్వి తీశాడు. దొరికిన పలకల్లో ఒకటి చెప్పేదిదీ: ఈ అపిస్ తహర్కా రాజు 26వ ఏట పుట్టింది, ప్సామ్తిక్ రాజు 20వ ఏట చనిపోయింది, బతికింది 21 ఏళ్లు. మీరే లెక్క వేసి చూడండి. తహర్కా 26వ ఏడు ముగియగానే ప్సామ్తిక్ మొదటి ఏడు మొదలైతే తప్ప ఆ 21 కుదరదు. మెంఫిస్ లెక్కలో ఇద్దరి మధ్యా ఖాళీ లేదని ఆ ఒక్క పలక తేల్చేసింది. ప్సామ్తిక్ నుంచి అతని వంశం మొత్తం ఏలింది 139 ఏళ్లు. క్రీ.పూ. 525లో పర్షియా రాజు కాంబిసెస్ ఈజిప్టును గెలవడంతో ఆ వంశం ముగిసింది. పర్షియా రాజుల కాలం బాబిలోనియావాళ్లు మట్టిపలకల మీద రాసిపెట్టిన ఖగోళ పరిశీలనలతో సరిపోతుంది. 525కి 139 కలిపితే 664.

ఇంత గట్టి చోట కూడా ఓ మెలిక ఉంది. తహర్కా తర్వాత అతని బంధువు తనుతమాని కూడా రాజయ్యాడు. మెంఫిస్‌లో అతని లెక్క సాగలేదు గానీ, దక్షిణాన థీబ్స్‌లో క్రీ.పూ. 656 వరకూ తేదీలు అతని పేరు మీదే వేశారు. ఒకే దేశంలో, ఒకే నది ఒడ్డున, రెండు ఊళ్లలో ఇద్దరు వేర్వేరు రాజుల లెక్క నడిచింది. పట్టికలో మాత్రం 25వ వంశం కింద ఒక గీత, దాని కింద 26వ వంశం. ఆ గీత మందం ఎనిమిదేళ్లు.

664కి పైకి వెళ్లేకొద్దీ ఎద్దులు, గ్రహణాలు ఇచ్చే ధైర్యం తగ్గుతూ వస్తుంది. రెండో రామ్సెస్ గద్దెనెక్కింది 1279లో అని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటారు. పాత పుస్తకాల్లో 1304 అనో, 1290 అనో కనబడుతుంది. అచ్చుతప్పులు కావవి. రామ్సెస్ 52వ ఏట రాసిన ఒక ఓడ రోజువారీ పద్దులో ఫలానా రోజున చాంద్రమాసం మొదలైందని ఉంది. చంద్రుడు ఎప్పుడు మాయమవుతాడో వెనక్కి లెక్క కట్టవచ్చు. చిక్కేమిటంటే, 309 చాంద్రమాసాలు 25 ఈజిప్టు సంవత్సరాలతో గంటకు కాస్త మించిన తేడాతో సరిపోతాయి. అంటే 25 ఏళ్లకోసారి అదే తేదీకి అదే చంద్రుడు. మధ్యలో 11, 14 ఏళ్ల దగ్గర కూడా దాదాపుగా కుదురుతుంది. 1304, 1290, 1279 మూడింటికీ చంద్రుడు ఒప్పుకుంటాడు. వీటిలో ఒకటి ఎంచుకోవాలంటే మనుషుల సాక్ష్యమే దిక్కు. ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టయిట్ల రాజు మూడో హత్తుసిలితో రామ్సెస్ తన 21వ ఏట చేసుకున్న సంధి, ఆ హిట్టయిట్లకు అసీరియా, బాబిలోనియా రాజులతో నడిచిన ఉత్తరాలు, అసీరియా లెక్కను నిలబెట్టిన క్రీ.పూ. 763 జూన్ 15 నాటి సూర్యగ్రహణం. ఇన్ని దేశాలు తిరిగొస్తే 1279 దక్కుతుంది. నేను దాన్ని నమ్ముతాను. అయినా అది 664 లాంటి తేదీ కాదు.

మధ్య రాజ్యం దగ్గరికి వచ్చేసరికి ఆధారం ఒక నక్షత్రం. సిరియస్, మన జ్యోతిష గ్రంథాల్లోని మృగవ్యాధం, సుమారు 70 రోజులు సూర్యుడి వెలుగులో కనబడకుండా పోయి ఒక తెల్లవారుజామున మళ్లీ తూర్పున పొడుస్తుంది. నైలు వరద వచ్చేదీ ఆ రోజుల్లోనే. అందుకే ఏడాదికి అది మొదలైంది. కానీ వాళ్ల సంవత్సరంలో 30 రోజుల నెలలు 12, పైన 5 రోజులు, అంతే. లీపు రోజు లేదు. దాంతో నాలుగేళ్లకు ఒక రోజు చొప్పున కేలండర్ జారిపోతూ, సుమారు 1460 ఏళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. రోమన్ రచయిత సెన్సోరినస్ రాసినదాన్ని బట్టి క్రీ.శ. 139లో నక్షత్రమూ సంవత్సరాదీ కలిశాయి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోవచ్చు.

ఆ లెక్కకు పనికొచ్చే కాగితం ఒకటి ఎల్ లాహున్ ఆలయ పత్రాల్లో దొరికింది. 7వ ఏడు, పంటకాలం నాలుగో నెల 16వ రోజున నక్షత్రం పొడుస్తుందని ఆలయ అధికారి ఒకరు పూజారికి ముందుగా కబురు పెట్టిన ఉత్తరం. అందులో రాజు పేరు లేదు. చుట్టూ ఉన్న మిగతా పత్రాల్ని బట్టి అది మూడో సెనుస్రెత్ కాలానిదని నిర్ణయించారు. నక్షత్రాన్ని ఎక్కడ నిలబడి చూశారన్నది ఇంకో చిక్కు. దక్షిణాన అస్వాన్ దగ్గర అది మెంఫిస్‌లో కంటే ఐదారు రోజుల ముందే కనబడుతుంది. ఒక్కో రోజుకు నాలుగేళ్లు. అందుకే ఆ 7వ ఏడును ఒకరు 1872 అంటే, మరొకరు 1830 దరిదాపుల్లో పెడతారు.

చుట్టు మొత్తమే పొరబడితే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఫ్లిండర్స్ పీట్రీ కంటే మంచి ఉదాహరణ లేదు. ఈజిప్టు తవ్వకాలకు శాస్త్రీయ పద్ధతి నేర్పిన మనిషి ఆయన. కుండపెంకుల వరసను బట్టి సమాధుల కాలం తేల్చడం లోకానికి చూపించినవాడు. ఆయన 1894లో మొదటి వంశాన్ని క్రీ.పూ. 4777 దగ్గర పెట్టాడు. తర్వాత మధ్య రాజ్యాన్ని పూర్తిగా ఒక చుట్టు, అంటే 1460 ఏళ్లు వెనక్కి తోసి, మొదటి వంశాన్ని 5500 దాటించాడు. ఆ రోజుల్లోనే అమెరికాలో జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ 3400 అన్నాడు. ఇద్దరి ముందూ ఉన్న సాక్ష్యం దాదాపు ఒకటే. తెలివిలో, నిజాయితీలో ఇద్దరినీ వంక పెట్టలేం. మధ్య రాజ్యానికీ కొత్త రాజ్యానికీ నడుమ ఉన్న కాలం రెండు వందల ఏళ్లా, పదహారు వందల ఏళ్లా అన్న ఒక్క ప్రశ్నకు ఇచ్చిన జవాబును బట్టి ఈజిప్టు వయసు రెండు వేల ఏళ్లు మారిపోయింది.

పాత రాజ్యానికి చంద్రుడూ లేడు, నక్షత్రమూ లేదు. అక్కడ ఉన్నవి పశువులు.

ఆ కాలంలో సర్కారు దేశంలోని పశువుల్ని లెక్కపెట్టించేది, పన్ను కోసం. తేదీలు కూడా ఆ లెక్కను బట్టే వేసేవాళ్లు: "ఏడో లెక్క ఏడు", "ఏడో లెక్క తర్వాతి ఏడు". ఈ రెండో మాటను బట్టి లెక్క ఏడాది విడిచి ఏడాది జరిగేదని అనుకుంటాం. అలా అయితే లెక్క నంబరును రెండుతో గుణిస్తే రాజు ఎన్నో ఏడో వచ్చేయాలి. కానీ పాలెర్మో శిల ఒప్పుకోదు. ఐదో వంశం వరకు ఏటేటా జరిగిన సంగతుల్ని గళ్లు గళ్లుగా చెక్కిన నల్లరాతి ముక్క అది. 1877 నుంచి సిసిలీలోని పాలెర్మో మ్యూజియంలో ఉంది. ప్రతి గడి కింద ఆ ఏటి నైలు వరద ఎత్తు మూరల్లో, బెత్తెల్లో, వేళ్లలో రాసి ఉంటుంది. నాకు చాలా ఇష్టమైన రాయి. దాని మీద స్నెఫెరు రాజు కాలంలో ఏడో లెక్క, ఎనిమిదో లెక్క పక్కపక్క గళ్లలో ఉన్నాయి. వరసగా రెండేళ్లు లెక్కపెట్టారన్నమాట. మరి రెండుతో గుణించడం ఎంతవరకు సబబు?

స్నెఫెరు కొడుకు ఖుఫు, మహా పిరమిడ్ కట్టించినవాడు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ అతనికి 50 ఏళ్లిచ్చాడు. ఈజిప్టు చరిత్రను గ్రీకులో రాసిన మనేథో 63 ఇచ్చాడు. ఇటలీలోని ట్యూరిన్‌లో ఉన్న రాజుల జాబితా పపైరస్ (రెల్లు కాగితం) 23 ఇస్తుంది. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ దగ్గర పియెర్ తాలే బృందానికి దొరికిన పపైరస్‌లు ఈ గొడవలోకి కొత్త సాక్షిని తెచ్చాయి. ఇప్పటివరకు దొరికిన రాత ఉన్న పపైరస్‌లలో ఇవే అత్యంత పాతవి. మెరెర్ అనే ఒక మేస్త్రీ తన మనుషులతో తురా గనుల్లో సున్నపురాయి పడవల్లోకి ఎక్కించి గీజాకు తోలుతూ, ఏ రోజు ఎక్కడ పడుకున్నారో కూడా రాసుకున్న పద్దు అందులో ఉంది. ఆ పత్రాల మీద తేదీ: 13వ లెక్క తర్వాతి ఏడు. రెండేళ్లకోసారి లెక్క జరిగితే అది ఖుఫు 26వ ఏడో, 27వ ఏడో అవుతుంది. ట్యూరిన్ 23 అక్కడికక్కడే కూలిపోతుంది. మధ్యలో ఎక్కడైనా వరసగా లెక్కలు పడి ఉంటే 23 బతుకుతుంది. రోజుకు రోజు రాసిపెట్టిన మెరెర్ కూడా ఈ ప్రశ్నకు పూర్తి జవాబు ఇవ్వలేడు. ఇలా ఒక్కో రాజు దగ్గర మూడేళ్లో, నాలుగేళ్లో తేడా పడుతూ వస్తే, అవన్నీ పోగుపడి పాత రాజ్యం మొదట్లోని జోసెర్ రాజు దగ్గరికి వెళ్లేసరికి తొంభై ఏళ్లవడంలో వింతేముంది?

ఈ సందిగ్ధానికి కొంత అడ్డుకట్ట వేసింది కార్బన్ పద్ధతి. 2010లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం కోసం, ఏ రాజు కాలానివో ముందే తెలిసిన 211 నమూనాల్ని మ్యూజియంల నుంచి తీసుకున్నారు. విత్తనాలు, బుట్టలు, రెల్లు లాంటివి. ఒకటి రెండేళ్లు బతికే మొక్కల్నే ఎంచుకున్నారు. దూలం ముక్కను పరీక్షిస్తే చెట్టు వయసు వస్తుంది గానీ ఇల్లు కట్టిన ఏడు రాదు. జోసెర్ గద్దెనెక్కింది క్రీ.పూ. 2691, 2625 మధ్య. కొత్త రాజ్యం మొదలైంది 1570, 1544 మధ్య. ఈ మాట 95 శాతం నమ్మకంతో చెప్పారు. 2013లో మరో అధ్యయనం మొదటి వంశానికి మొదటి రాజు అహా కాలాన్ని 3111, 3045 మధ్య పెట్టింది, 68 శాతం నమ్మకంతో. 2592 జోసెర్ పరిధికి బయట పడింది. పీట్రీ 4777కి తలుపు శాశ్వతంగా మూసుకుపోయింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గీజాలోని స్ఫింక్స్ విగ్రహం పదివేల ఏళ్లదని, పిరమిడ్లు మంచుయుగం నాటివని యూట్యూబ్‌లో తెలుగులో కూడా లక్షల వ్యూస్‌తో వీడియోలు నడుస్తున్నాయి. వాటిని నమ్మేవాళ్లను తిట్టి లాభం లేదు. బడిలో 2686 అని దేవవాక్యంలా నేర్పించి, తర్వాత ఎవరో "ఆ తేదీ మీద పండితులకే ఏకాభిప్రాయం లేదు" అంటే, చదువుకున్నవాడు కూడా "అయితే అంతా ఊహేనన్నమాట" అనుకుంటాడు. తొంభై ఏళ్ల తేడాకూ ఏడువేల ఏళ్ల తేడాకూ మధ్య ఉన్న దూరం అతనికి కనబడదు, ఎందుకంటే తేదీకి ఒక పరిధి ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. మొదట్లోనే "2691కీ 2625కీ మధ్య, ఇదిగో ఇలా తేల్చారు" అని నేర్పి ఉంటే, పదివేల ఏళ్లు అన్నవాణ్ణి "ఏ విత్తనం చెప్పింది?" అని అడిగేవాడు.

అంకెల సంగతి ఇదైతే, వంశాల సంగతి ఇంకా చిక్కు. ముప్పై వంశాల చట్రం ఫారోలది కాదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో, గ్రీకు రాజులైన టాలెమీల కాలంలో, మనేథో అనే ఈజిప్టు పూజారి తన దేశ చరిత్రను గ్రీకులో రాస్తూ చేసుకున్న విభజన అది. ఆ పుస్తకం పోయింది. దాన్నుంచి జోసెఫస్, ఆఫ్రికానస్, యూసెబియస్ అనే తర్వాతి రచయితలు ఎత్తిరాసుకున్న ముక్కలే మిగిలాయి, అవి కూడా ఒకదానితో ఒకటి పొసగవు. ఏడో వంశంలో 70 మంది రాజులు 70 రోజులు ఏలారని ఆఫ్రికానస్ ప్రతి. ఐదుగురు 75 రోజులు ఏలారని యూసెబియస్ ప్రతి. ఆ పైన "పాత, మధ్య, కొత్త" అని మూడు ముక్కలు చేసింది 19వ శతాబ్దంలో బున్సెన్ మొదలైన జర్మన్ పండితులు.

మనేథో కంటే వెయ్యేళ్ల ముందు వాళ్లు రాసుకున్న జాబితాలు ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి. అబిడోస్‌లో మొదటి సేతీ ఆలయం గోడ మీద వరసగా రాజుల పేర్లు చెక్కి ఉన్నాయి. సేతీ ధూపం వేస్తుంటే, ముందు నిలబడ్డ అతని కొడుకు, పిల్లవాడైన రెండో రామ్సెస్, చేతిలో చుట్ట పట్టుకుని పూర్వీకుల పేర్లు చదువుతుంటాడు. అది పితృదేవతలకు నైవేద్యం పెట్టే సందర్భం. నైవేద్యానికి అర్హులు కాదనుకున్నవాళ్ల పేర్లు అందులో ఉండవు. హత్‌షెప్‌సుత్ లేదు. అఖెనాతెన్ లేడు. టుటన్‌ఖామున్ లేడు. ఉత్తరాన ఏలిన పరాయివాళ్లు, హిక్సోస్ రాజులు, లేరు. ఇరవయ్యేళ్లకు పైగా ఏలిన రాణిని గోడ మీద నుంచి తీసేసినా లోకం ఆగలేదు గానీ, లెక్క మాత్రం ఎక్కడో సర్దుకోవాలి. సక్కారాలో మోస్ అనే అతని సమాధిలో చెక్కిన ఒక భూతగాదా రికార్డులో "హోరెమ్‌హెబ్ 59వ ఏడు" అని ఉంది. హోరెమ్‌హెబ్ అంతకాలం ఏలలేదు. అతని సమాధిలో దొరికిన ద్రాక్షసారా జాడీల మీద 14వ ఏటిని మించిన తేదీ లేదు. అఖెనాతెన్ నుంచి ఆయ్ వరకు, పేరు ఎత్తకూడని రాజులందరి సంవత్సరాల్నీ తెచ్చి హోరెమ్‌హెబ్ ఖాతాలో వేశారు. భూమి తగాదా కాబట్టి ఏళ్లు పోకూడదు, రాజుల పేర్లు మాత్రం పోవాలి. ఆ గుమాస్తా రెండూ సాధించాడు.

ట్యూరిన్ పపైరస్ ఒక్కటే అందర్నీ కలుపుకుపోయింది. రామ్సెస్ కాలంలో ఒక పన్నుల చిట్టా వెనక వైపు రాసిన జాబితా అది. ఒక్కో రాజుకు ఏళ్లు, నెలలు, రోజులతో సహా ఇచ్చింది. హిక్సోస్‌ను కూడా వదల్లేదు, ఆరుగురు పరాయి రాజులని కలిపి లెక్క వేసింది. 1824లో షాంపోలియన్ దాన్ని చూసేనాటికే తునకలు తునకలు. సరిగ్గా మనకు అవసరమైన చోట్లే చిరుగులున్నాయి.

జాబితా అన్నాక పేర్లు ఒకదాని కింద ఒకటే రాయాలి. అసలు సమస్య అదే. ఒకేసారి ఏలిన ఇద్దర్ని జాబితాలో పక్కపక్కన కూర్చోబెట్టే వీలు లేదు. ఒకరి కింద ఒకర్ని రాస్తే ఒకరి తర్వాత ఒకరు ఏలినట్టే కనబడుతుంది.

దీనికి జవాబు కైరో మ్యూజియంలో ఉంది, రాతి మీద. సూడాన్‌లోని గెబెల్ బర్కల్ దగ్గర 1862లో దొరికిన పియే రాజు విజయ శాసనం. క్రీ.పూ. 8వ శతాబ్దం రెండో సగంలో నుబియా నుంచి దండెత్తి వచ్చిన పియే తన 21వ ఏట వేయించాడు. శిల పైభాగంలో బొమ్మలున్నాయి. మధ్యలో అమున్ దేవుడు, ఎదుట పియే. హెర్మొపోలిస్ రాజు నిమ్లోత్ ఒక గుర్రాన్ని నడిపించుకుంటూ వస్తున్నాడు. ఒసోర్కోన్, ఇయుపుత్, పెఫ్తావుబాస్త్ అనే ముగ్గురు నేలకు ముఖం ఆనించి పడి ఉన్నారు. నలుగురి పేర్లూ రాజులకు మాత్రమే చెల్లే కార్తూష్ చట్రంలో ఉన్నాయి. పియేకు ఎదురుగా ఉత్తరాది కూటమిని నడిపించిన తెఫ్‌నఖ్త్ ఉత్తరాన చిత్తడి నేలల్లో దాక్కుని, రాజీకి వార్త పంపుతాడు. పట్టికలో వీళ్లెక్కడున్నారో చూడండి. ఒసోర్కోన్ 22వ వంశం. ఇయుపుత్‌ను 23లో వేస్తారు. తెఫ్‌నఖ్త్ 24. పియే 25. నాలుగు వంశాలు ఒకే రాయి మీద, ఒకే రోజుల్లో! (నిమ్లోత్ గుర్రపుశాలలో ఆకలితో మాడిన గుర్రాల్ని చూసి పియేకు పట్టరాని కోపం వస్తుంది ఆ శాసనంలో. మూడువేల ఏళ్ల ఈజిప్టు రాతల్లో ఒక రాజు మనసు అంత దగ్గరగా కనబడే చోట్లు తక్కువ.)

తొమ్మిది, పది వంశాలూ పదకొండో వంశం మొదటి భాగమూ ఇలాగే ఒకే కాలంలో నడిచాయి, హెరక్లియోపొలిస్‌లో ఒకరు, థీబ్స్‌లో ఒకరు. పదిహేను, పదహారు, పదిహేడు వంశాల కాలాలూ ఒకదానిపై ఒకటి పడతాయి. ఉత్తరాన అవారిస్‌లో ఒక పరాయివాడు, దక్షిణాన కుష్‌లో ఒక నుబియావాడు, మధ్యలో ఇరుక్కుని కూర్చున్నానని థీబ్స్ రాజు కమోసే తన శాసనంలో వాపోతాడు. అంటే ముప్పైలో దాదాపు మూడోవంతు వంశాలకు నంబరు వరస కాలక్రమాన్ని చెప్పదు. అయినా మనం 14 అంటే 13 తర్వాత అనే చదువుతాం.

ఇలాంటి కాలాలకే "మధ్యంతర కాలం" అని పేరు పెట్టి రెండు లైన్లలో ముగిస్తారు. అరాచకం, కరవు, పరాయి పాలన అని మూడు మాటలు. మొదటి మధ్యంతర కాలం గురించి చెప్పేటప్పుడు లక్సర్‌కు దక్షిణాన మొఅల్లాలో ఉన్న అంఖ్‌తిఫి సమాధి రాతను తప్పకుండా తెస్తారు. దక్షిణాది అంతా ఆకలితో చస్తోందని, మనుషులు తమ పిల్లల్నే తింటున్నారని, తన ప్రాంతంలో మాత్రం ఒక్కర్నీ ఆకలికి చావనివ్వలేదని అంఖ్‌తిఫి చెప్పుకుంటాడు. ఇది తన గొప్ప చాటుకునే స్థానిక నాయకుడి మాట. చుట్టూ ఎంత ఘోరం చూపిస్తే తను అంత గొప్పవాడు. కరవు వచ్చే ఉంటుంది, కాదనను. కానీ అదే కాలపు శ్మశానాలు తవ్వితే మామూలు మనుషుల సమాధుల్లో అంతకు ముందు లేనన్ని సామాన్లు దొరికాయి. పిరమిడ్ల లోపల రాజు ఒక్కడి కోసం చెక్కిన మంత్రాలు ఇప్పుడు అధికారుల శవపేటికల మీదికి వచ్చాయి. పరలోకం రాజు చేతిలోంచి జారి కిందివాళ్లకు అందిన కాలాన్ని చీకటి అనడం రాజు కూర్చున్న చోట నుంచి చూసే చూపు.

2014 జనవరిలో అబిడోస్ దగ్గర జోసెఫ్ వెగ్నర్ బృందానికి ఒక చిన్న రాజసమాధి దొరికింది. లోపల రంగులతో పేరు రాసి ఉంది: సెనెబ్‌కాయ్. మనేథో ముప్పై వంశాల్లో ఆ పేరు లేదు. ట్యూరిన్ పపైరస్‌లో చినిగిన చోట పేరు తాలూకు ముక్క ఉండవచ్చునని పోల్చారు. అతని ఎముకల మీద గొడ్డలి దెబ్బల గుర్తులు కూడా ఉన్నాయి, యుద్ధంలో పోయి ఉండవచ్చు. అబిడోస్‌లో స్థానికంగా ఒక రాజవంశం ఉండి ఉంటుందని కిమ్ రైహోల్ట్ 1997లోనే ఊహించాడు. ఇప్పుడు ఆ వంశానికి నంబరు ఎంత వేద్దాం? ముప్పై నంబర్లూ ఎప్పుడో నిండిపోయాయి.

ఇదంతా దూరదేశపు గొడవ అనుకునేవాళ్లు ఒకసారి హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంకు వెళ్లాలి. అక్కడ ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు ఇస్తే, ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చాడని చెబుతారు. పత్రికల్లో ఆ అమ్మాయి పేరు నైషు అనీ, "ఆరవ ఫారో కూతురు" అనీ రాస్తుంటారు, వయసు 2,300 నుంచి 2,500 ఏళ్లని కూడా రాస్తారు. ఆరవ నిజాం అంటే మహబూబ్ అలీఖాన్ అని ఠక్కున చెప్పేయవచ్చు, అసఫ్ జాహీల వరస ఒక్కటే కాబట్టి. ఆరవ ఫారో అంటే ఎవరు? అబిడోస్ గోడ మీద మొదటి నుంచి లెక్కపెడితే ఆరో పేరు మెర్బియాపే, మొదటి వంశం. అతనికీ 2,500 ఏళ్ల కిందటి అమ్మాయికీ మధ్య రెండు వేల ఏళ్లకు పైగా ఎడం. ఏ వంశంలో ఆరవవాడో చెప్పకపోతే ఆ మాటకు అర్థమే లేదు. 2,500 ఏళ్ల కిందట అంటే ఈజిప్టు పర్షియా చేతుల్లో ఉంది. 2,300 ఏళ్ల కిందట అంటే టాలెమీల కింద ఉంది. ఆ అమ్మాయి బతికిన లోకం ఏదన్నది ఈ రెండొందల ఏళ్ల మీదే ఆధారపడి ఉంటుంది. ఎవరి కూతురో తెలియకపోయినా ఫరవాలేదు, ఏ కాలపు మనిషో సరిగ్గా చెప్పడం మన బాధ్యత.

పరీక్షకు ఒక్క అంకె కావాలి కదా, పరిధులు ఇస్తే పిల్లలు గందరగోళపడతారు కదా అని కొందరు టీచర్లు అంటారు. బట్టీకి అంకె సులువు, నిజమే. కానీ పరిధి నేర్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. రేపటి వాన "పడే అవకాశం 70 శాతం" అన్న మాట పిల్లలకు ఫోన్లో రోజూ కనబడుతూనే ఉంది. చేయాల్సినవి చాలా చిన్న పనులు. 664కి ముందు వచ్చే తేదీకి "సుమారు" తగిలించాలి. 1550 దగ్గర ఇరవై ఏళ్లు, 2686 దగ్గర వందేళ్లు అటూ ఇటూ అని రాయాలి. ఒకే కాలంలో ఏలిన వంశాల్ని పక్కపక్క గళ్లలో వేయాలి, పియే శిల మీద వేసినట్టు. మధ్యంతర కాలాలకు కూడా మిగతావాటికి ఇచ్చినంత చోటు ఇవ్వాలి.

ఖుఫు వరస నేనైతే ఇలా వేస్తాను. నాలుగో వంశం. ఖుఫు, స్నెఫెరు కొడుకు. క్రీ.పూ. 26వ శతాబ్దం, అటూ ఇటూ కొన్ని పదుల ఏళ్లు. పాలన: పశువుల లెక్క రెండేళ్లకోసారి జరిగి ఉంటే కనీసం 26 ఏళ్లు, ట్యూరిన్ పపైరస్ ప్రకారం 23. ఆధారం: 13వ లెక్క తర్వాతి ఏట, తురా నుంచి గీజాకు రాళ్లు తోలిన మెరెర్ రాసుకున్న పద్దు.